నాన్న పడుకున్నాడు

మా మేనకోడలికి ఏడాది నిండినప్పుడు మా అమ్మ ఊరి నుంచి వెండి పట్టీలు పంపింది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి కోల్‌కతా గార్డెన్ రీచ్ దాకా, ఎవరో వస్తుంటే పసుపు గుడ్డలో చుట్టి మరీ ఇచ్చింది. వాటికి బుల్లి బుల్లి మువ్వలు. పిల్ల కాలు కదిపితే చాలు, గదంతా ఘల్లుమనేది. అవి వచ్చిన మధ్యాహ్నమే నేను కత్తెర పట్టుకుని మువ్వలన్నీ తీసీసేను. ఎందుకంటే మా తమ్ముడు పడుకున్నాడు.

మా ఇల్లంటే ఒక్క గది. అందులో తమ్ముడు, వాడి పెళ్ళాం, వాళ్ళ పిల్ల, నేను. నా మొగుడు పోయిన తర్వాత "ఎక్కడికో ఎందుకప్పా, మా దగ్గిరే ఉండు" అని వాడే తెచ్చి పెట్టుకున్నాడు. వాడిది రేవులో పని. ఓడ మీదకి ఎక్కించిన కంటైనర్లు కదలకుండా ఇనుప కడ్డీలతో, గొలుసులతో బిగించాలి. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. తెల్లారి వస్తాడు, ఇంత గంజి తాగుతాడు, పడుకుంటాడు. సాయంత్రం దాకా లేవడు. లేవకూడదు కూడా. మా వీధిలోనే ఒకాయన, తన ఇంట్లో పెళ్ళి హడావిడిలో పగలంతా కన్ను మూయకుండా రాత్రి పనికెళ్ళి, ఓడ మీద కాలు జారి పడ్డాడు. బతికేడు గానీ ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తాడు. ఆయన్ని చూసినప్పుడల్లా మా మరదలికి గుండె ఝల్లుమంటాది. అందుకని మా వీధిలో రాత్రి డ్యూటీ మగాడున్న ప్రతి ఇంట్లోనూ ఒకటే కట్టుబాటు. పగలు చప్పుడు చెయ్యకూడదు.

చప్పుడంటే గట్టిగా మాట్లాడకపోవడం ఒక్కటే అనుకునేరు. స్టీలు కంచాలు పాత చీర మడత మీద పెడతాం. కుక్కరు కూత పెడతాదని పక్కింటి పొయ్యి మీదకి పంపుతాం. తలుపుకి నూనె రాస్తాం. ఇంట్లో ఆడాళ్ళం ఇద్దరం కళ్ళతోటీ చేతులతోటీ సంసారం నడిపీస్తాం. మా తమ్ముడిది అదో తిక్క నిద్ర. గంగలో ఓడ ఎంత పెద్ద కూత కూసినా కదలడు, ఇంట్లో చెంచా కింద పడితే మాత్రం లేచి కూర్చుంటాడు. మళ్ళీ పడుకోమంటే పట్టదు.

ఆ గదిలో పెరిగింది మా గుంట. చంటిదానిగా ఉన్నప్పుడు ఏడుపందుకుంటే ఎత్తుకుని సందు చివరికి పరిగెత్తేదాన్ని. తర్వాత తర్వాత దానికే తెలిసిపోయింది. ఆకలేస్తే పొట్ట మీద తట్టుకుంటాది. దాహమేస్తే బొటనవేలు నోటి దగ్గిర పెడతాది. వాన పడుతుంటే వేళ్ళు ఆడించి చూపిస్తాది. దెబ్బ తగిలితే నోరు గట్టిగా మూసుకుని, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నా దగ్గిరకొచ్చి దెబ్బ చూపిస్తాది. నాకు ప్రాణం ఉసూరుమనేది, ముద్దూ వచ్చేది. ఉదయం మా మరదలు న్యూ అలీపూర్‌లో వంట పనికి వెళ్ళిపోతాది, నేను బట్టలు కుట్టే కార్ఖానాకి పోతాను. అప్పుడు పడుకున్న తండ్రి పక్కన ఒక్కర్తీ కూర్చునుండేది, చిన్న చేత్తో విసనకర్ర ఊపుతూ.

మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం, ఏం దాచను. "ఏటమ్మా, మీ ఇంట్లో పిల్లుందా అసలు?" అని పక్కింటావిడ అడిగితే మా మరదలు మురిసిపోయేది. "మా పిల్ల బంగారం. నోట్లో నాలుక లేదు" అనేది. ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది.

పిల్లకి ఐదేళ్ళు దాటేయి. దసరా పూజల సందడి తగ్గేక, బడిలో చేర్పించడానికి నేనే తీసుకెళ్ళేను. మా వీధి నుంచి ఆటోకి పది నిమిషాల దూరంలో బెంగాలీ బడి. జనవరిలో కొత్త తరగతులు. పెద్ద టీచరమ్మే పిల్లని చూసింది. టీచరమ్మల్ని అక్కడ దిదిమణి అంటారు. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకునుంటాది, మనిషి నెమ్మదస్తురాలు. బొమ్మల అట్టలు తీసి పిల్ల ముందు పెట్టింది. గొడుగు బొమ్మ చూపించి ఇదేమిటని బెంగాలీలో అడిగింది. మా పిల్ల నా మొహం చూసింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి గొడుగు విప్పినట్టు చూపించింది.

"నోటితో చెప్పాలమ్మా" అంది దిదిమణి. నా వైపు తిరిగి, "బెంగాలీయే అక్కర్లేదు, మీ భాషలో అడగండి. ఏ భాషైనా సరే" అంది.

"ఇదేటమ్మా?" అన్నాను. మళ్ళీ చేతులే. చేప బొమ్మ పెడితే అరచెయ్యి ఈదించింది. మామిడిపండు పెడితే చీకినట్టు చూపించింది. మాట మాత్రం లేదు. ఒక అట్ట మీద ఇల్లు, చెట్టు, కుక్క ఉన్నాయి. కుక్క ఎక్కడుంది, చెట్టు వెనకా ముందా అని అడిగితే దానికి చూపించడానికి చెయ్యి కూడా దొరకలేదు. వెనక, ముందు అనే మాటలు దానికి ఎవరు చెప్పేరు గనక? కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

దిదిమణి అట్టలు సర్దుకుని, "ఇంట్లో ఈ పాపతో ఎవరు మాట్లాడతారు?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మాకు నోళ్ళు లేవనుకుంటున్నారా దిదిమణీ? మా తెలుగోళ్ళ నోళ్ళ సంగతి మీకు తెలీదు. పొద్దున్న వీధి కుళాయి దగ్గిరకి రండి, చూద్దురుగాని" అనీసేను.

"నోళ్ళున్నాయని వినిపిస్తూనే ఉంది" అంది ఆవిడ, కోపం లేకుండా. "అందులో ఈ పాప వాటా ఎంత అని అడుగుతున్నాను."

నాకు బదులు దొరక్కపోవడమంటే మా వీధిలో పండగ చేసుకుంటారు.

"బుద్ధి లేదని నేను అనడం లేదు, ఉందని కూడా ఇప్పుడే చెప్పలేను" అంది. "పిల్లలు మాటలు వింటే మాటలు వస్తాయి. మాటలొస్తేనే కదా, చూసినదాన్ని తలలో సర్దుకుంటారు, లెక్క పెట్టుకుంటారు, ఎందుకని అడుగుతారు. బడి తెరిచే ముందు ఇంకోసారి తీసుకురండి. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే బడికి రాయాల్సి వస్తుంది."

వేరే బడంటే నాకు తెలుసు. ఏక్‌బాల్‌పూర్ అవతల ఉంది, బుద్ధి ఎదగని పిల్లలకి. అక్కడ చెప్పేవాళ్ళు మంచివాళ్ళేనంటారు. కానీ ఆ బడి బండెక్కిన పిల్లని మా వీధి జనం పేరు పెట్టి పిలవడం మానేస్తారు. ఇంకో మాటతో పిలుస్తారు. ఆ మాట నేను ఇక్కడ రాయను. నా పిల్లని ఆ మాటతో ఎవరైనా పిలిస్తే వాళ్ళ పళ్ళు రాలగొడతాను.

ఆటోలో దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వస్తూ, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి దాంతో నేనేం మాట్లాడేనా అని గుర్తు తెచ్చుకున్నాను. లే. తాగు. ఇలా రా. కాళ్ళు తుడుచుకో. ష్. అంతే. కుళాయి దగ్గిర ఊరందరి కబుర్లూ చెప్పుకొచ్చిన నోరే ఇది. దాని తల నిమురుతుంటే అది నా చెయ్యి పట్టుకుని, బయట వెళ్తున్న పెద్ద ట్రెయిలర్ లారీని వేలితో చూపించింది. "లారీయేనమ్మా, రేవుకి పోతోంది" అన్నాను. నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది, ఇంకా చెప్పమన్నట్టు.

సాయంత్రం తమ్ముడు పనికెళ్ళేక మరదలికి చెప్పేను. కూలబడిపోయింది. చాలాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "మా అమ్మగారింట్లో వాళ్ళ బాబుదీ దీని వయసే వదినా" అంది. తను వంట చేసే ఇల్లు ఒక బ్యాంకు ఆఫీసరుగారిది, మన విజయవాడవాళ్ళు. "ఆ పిల్లాడు నిద్దర లేచిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్నలు. చీమలకి ఇల్లుంటాదా, చేపకి దాహం వేస్తాదా అని. ఆవిడ విసుక్కోదు. వంకాయ కోసినా పిల్లాడికి చెప్పి మరీ కోస్తాది. ఇది తొడిమ, ఇది గింజ అని. నాకు నవ్వొచ్చేది వదినా, వంకాయకి ఇంత కథేటని."

"వాళ్ళకేం తల్లీ, నిద్దరకో గది, మాటలకో గది" అన్నాను. కోపమో ఏడుపో నాకే తెలీలేదు. మా గదిలో నిద్దరకి చోటిస్తే మాటకి చోటు లేదు. మాటకిస్తే ఆ గోడ పట్టుకు నడిచే మనిషి కళ్ళ ముందు నిలబడతాడు. ఎవర్ని తప్పుపట్టాలి?

"ఆయనకి చెప్పకు వదినా" అంది మరదలు. "దిగులు పెట్టుకుంటే నిద్దర పట్టదు."

చెప్పలేదు. మర్నాటి నుంచి పిల్లని నాతో కార్ఖానాకి తీసుకుపోయేను.

నేను పనిచేసేది మూడో అంతస్తులో. చొక్కాలకి కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. గదినిండా కరెంటు కుట్టుమిషన్లు. అవన్నీ ఒకేసారి తిరుగుతుంటే చెవి పక్కన అరిచినా వినబడదు. యజమాని ముసలాయన, అందరూ చాచా అంటారు. పిల్లని చూసి, సూదులూ కత్తెర్లూ ఉన్న చోటికి పిల్లని తెస్తావా, నీకు మతి ఉందా అని గొడవ పెట్టుకున్నాడు. నేనూ తగ్గలేదు. ఆఖరికి నా బల్ల కింద నుంచి కదిలితే ఇద్దర్నీ మెట్ల మీంచి దింపేస్తానని ఒప్పుకున్నాడు.

మొదట్లో అది చెవులు మూసుకుని కూర్చునేది. దానికి అంత చప్పుడు తెలీదు పాపం. ఎవరో పడుకున్నారేమోనని చుట్టూ వెతికేది. మిషన్ దగ్గిర తల వాల్చినవాడు కనిపిస్తే కంగారుగా వేలు పెదాల మీద పెట్టి నన్ను చూసేది. "ఇక్కడెవరూ పడుకోరే తల్లీ, అరు!" అనేదాన్ని. అరవడమంటే ఏటో దానికి తెలిస్తే కదా. నా చీర కుచ్చిళ్ళు లాగి బొటనవేలు నోటికి చూపించేది. నేను చొక్కా మీంచి కళ్ళెత్తేదాన్ని కాదు. "నా చేతిలో సూది ఉంది. చూడలేను. చెప్పు" అనేదాన్ని. దాన్ని దాహంతో కూర్చోబెడితే నా నాలుకే పీక్కుపోయేది. కాసేపటికి నేనే ఓడిపోయి నీళ్ళిచ్చేదాన్ని.

మరి నేను మాట్లాడాలి కదా. ఏటి మాట్లాడాలో తెలిస్తేనా! నా ఎదురుగా ఉన్నది చొక్కా. సరే, చొక్కా గురించే మొదలెట్టేను. "ఇది కాలరే. మెడకి. ఇది జేబు, పైన. ఇదిగో ఈ గుండీ కింద. ఇది ఎవరు తొడుక్కుంటారో ఏటో, లావుపాటి మారాజు, పొట్ట చూడు." నా పక్క మిషన్ వాడు నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. నా గొంతు బొంగురుపోయేది. ఇంటికొచ్చి మిరియాల పాలు తాగి మర్నాడు మళ్ళీ అదే వాగుడు. మా ఊరు చెప్పేను, మా అమ్మ చెప్పేను, సముద్రం చెప్పేను. నాకు తెలిసినవన్నీ అయిపోతే తెలియనివి కల్పించేను.

ఒకరోజు మధ్యాహ్నం బల్ల కింద నుంచి, "అత్తా! నీళ్ళు!" అని కేక. అంత చిన్న పీకలో అంత కేక ఎక్కడ దాచుకుందో! నాకు సూది వేల్లో గుచ్చుకుంది. చాచా అద్దాల పైనుంచి చూసి, "అరే, దీనికి గొంతుందే!" అని హిందీలో అని మళ్ళీ గుడ్డ కత్తిరించుకున్నాడు. మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. నేను వేలు చీక్కుంటూ ఏడ్చేను, ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఆగితే ఒట్టు. బల్ల కింద రాలిన గుడ్డ పీలికలతో సంసారం పెట్టింది. నీలం పీలిక ఓడ, ఎర్ర పీలిక దాని మీదెక్కిన నాన్న. "నాన్న పైన. నాన్న ఓడ మీద పైన. అత్త వెనక." వెనక అంది చూడండి, నా కడుపు నిండిపోయింది. తెలుగూ, చాచా హిందీ, మిషన్లవాళ్ళ బెంగాలీ అన్నీ కలిపి కిచిడీ చేసి మాట్లాడేది. "లాల్ గుండీ ఇవ్వు అత్తా, ఓడకి కన్ను పెడతాను" అనేది. కానీ సాయంత్రం మా సందులో అడుగు పెట్టగానే ఎవరో స్విచ్చి ఆపినట్టు నోరు మూసేసేది. తండ్రి లేచి పనికెళ్ళే తొందరలో ఉండేవాడు. పిల్ల ఇదివరకట్లాగే వాడి చెప్పులు తెచ్చి పెట్టేది, వాడు బుగ్గ గిల్లి వెళ్ళిపోయేవాడు. వాడికేం తెలీదు.

బడి తెరవబోతుంటే రెండోసారి తీసుకెళ్ళేను. కొత్త గౌను నేనే కుట్టేను. దారంతా వాగుతూనే వచ్చింది. దిదిమణి గదిలోకి వెళ్ళి కూర్చోగానే, మళ్ళీ మొదటికొచ్చింది. గొడుగు బొమ్మ చూపించి అడిగితే నోరు విప్పలేదు. చేప చూపిస్తే విప్పలేదు. "చెప్పవే, ఇప్పటిదాకా నా బుర్ర తినేసేవు కదా" అని బతిమాలేను. లాభం లేదు. పైగా అది దిదిమణి మొహంలోకే చూసి, వేలు పెదాల మీద పెట్టుకుని, ష్ అని సైగ చేసింది.

దిదిమణి నిట్టూర్చి పెన్ను తీసింది. మా పిల్ల ఆ బండెక్కడం కళ్ళకి కట్టింది. అప్పుడు చూసేను, అది నన్నూ చూడట్లేదు, దిదిమణినీ చూడట్లేదు. గది మూలకి చూస్తోంది. అక్కడ బీరువా పక్కన, బడి గంట కొట్టే ముసలాయన స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి, నోరు తెరిచి హాయిగా నిద్రపోతున్నాడు.

"ఓలమ్మో!" అన్నాను. "ఆగండి దిదిమణీ, రాయకండి! మగమనిషి పడుకునుంటే దీని నోరు లేవదు. మా ఇంట్లో అలాగే పెంచేం. పగలు దీని నాన్న పడుకుంటాడు."

ఆవిడ మూల వైపు చూసింది, పిల్లని చూసింది, పెన్ను మూసింది. నవ్వుతాదనుకున్నాను, నవ్వలేదు. అట్టలు తీసుకుని పిల్ల చెయ్యి పట్టుకుని, తనూ మునివేళ్ళ మీద నడుచుకుంటూ, వరండాలోకి తీసుకొచ్చింది.

వరండాలో ఏం చెప్పమంటారు! గొడుగు బొమ్మ చూసి మా పిల్ల "ఛాతా" అని బెంగాలీలోనే మొదలెట్టింది. తర్వాత తెలుగులోకి దిగిపోయింది. "అత్త గొడుగు నల్లది. పుల్ల విరిగిపోయింది. వాన లోపలికి వస్తాది. నేను కుడతాను." కుక్క చెట్టు వెనకుంది. ఎందుకు వెనకుందంటే, "వాళ్ళ నాన్న పడుకున్నాడు, అది బయటకొచ్చీసింది." నేను ఒక్కొక్కటీ బెంగాలీలో చెప్తుంటే దిదిమణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"చేర్చుకుంటాను" అంది చివరికి. "కానీ నిజం చెప్పాలి. దీని వయసు పిల్లలకి వచ్చినవి దీనికి ఇంకా చాలా రాలేదు. పోయిన ఏళ్ళ మాటలు ఒక్క చలికాలంలో రావు. మీరు ఆపకండి. ఇంట్లో కూడా."

ఇంట్లో కూడా అంటే ఎలాగ? ఆ మాటే నములుకుంటూ ఇంటికొచ్చేను. పిల్ల కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "నాన్నకి చెప్తాను, బడి నాన్నకి చెప్తాను" అని గంతులు. గుమ్మం దగ్గిరకి వచ్చేసరికి ఆగిపోయింది. లోపల తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకునున్నాడు. తనకి తనే వేలు పెదాల మీద పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవార కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే.

నా లోపల ఏదో తెగిపోయింది. "ఒరేయ్, లే!" అన్నాను. మరదలు పరిగెత్తుకొచ్చి నా నోరు మూయబోయింది. "వదినా, రాత్రికి ఓడెక్కాలి ఆయన!" అంది, గుసగుసగానే. నేను చెయ్యి తోసీసి, ఉన్నదంతా, దిదిమణి, వేరే బడి, కార్ఖానా, ఆ స్టూలు మీది ముసలాయన, అన్నీ చెప్పీసేను. తమ్ముడు లేచి కూర్చుని ఎర్రటి కళ్ళతో విన్నాడు. పిల్లని చూసేడు. వాడి మొహం చూళ్ళేకపోయేను.

"నా నిద్దర కోసమేనా అప్పా ఇదంతా?" అన్నాడు. తర్వాత మళ్ళీ పడుకుని, తల పక్కన చాప మీద తట్టి, "ఇలా రా అమ్మా" అని పిల్లని పిలిచేడు. "మీ అమ్మకీ అత్తకీ ఏం తెలీదు. ఓడల మీద పనిచేసేవాణ్ణి, నాకు చప్పుడుంటేనే నిద్దర పడతాది. నువ్వు చెప్తూ ఉండు, నేను పడుకుంటాను."

నేనూ మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెంచా పడితే లేచి కూర్చునే మనిషి!

పిల్ల ముందు గుసగుసగా మొదలెట్టింది. వాడు, "వినబడట్లేదు, ఇలాగైతే నాకు నిద్దర రాదు" అన్నాడు. అప్పుడు గొంతు పెంచింది. గొడుగు చెప్పింది, కుక్క చెప్పింది, చాచా కత్తెర చెప్పింది, గుడ్డ పీలిక ఓడ మీద నాన్న పైకెక్కేడని చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని గుర్రు పెట్టేడు. పచ్చి దొంగ గుర్రు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. పిల్ల అది చూడలేదు. గుర్రు విని, నాన్న నిజంగానే పడుకున్నాడనుకుని, అలవాటు చొప్పున టక్కున ఆగిపోయి వేలు పెదాల మీద పెట్టుకుంది.

గుర్రు ఆగింది.

కళ్ళు తెరవకుండానే, "తర్వాతేటి?" అన్నాడు మా తమ్ముడు.